ఆ బబుల్‌ని ఎన్‌బీఏ కట్టలేదు, అద్దెకు తీసుకుంది

2020 జులై 12, ఆదివారం. ఫ్లోరిడాలో ఆ ఒక్కరోజే 15,299 కొత్త కొవిడ్ కేసులు బయటపడ్డాయి. అప్పటిదాకా అమెరికాలో ఏ రాష్ట్రమూ ఒక్కరోజులో అన్ని కేసులు చూడలేదు. సరిగ్గా అదే వారంలో ఓర్లాండో పక్కనున్న డిస్నీ వరల్డ్‌లో మూడు రిసార్ట్ హోటళ్ళలోకి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి చెందిన 22 జట్లు దిగాయి. బయటి లోకంతో కలవకుండా అందరూ ఒకేచోట ఉండి ఆడే ఆ ఏర్పాటునే బబుల్ అన్నారు. రెండు టెస్టులు నెగెటివ్ వచ్చేదాకా ఎవరి గదిలో వాళ్ళు, తలుపు బయట ప్లాస్టిక్ డబ్బాల్లో భోజనం. అక్కడి నుంచి అక్టోబరు 11న లేకర్స్ జట్టు ఫైనల్ సిరీస్‌లో మయామి హీట్‌ని 4-2 మ్యాచ్‌లతో ఓడించి కప్పు ఎత్తేదాకా 172 మ్యాచ్‌లు జరిగాయి. ఆ మొదటి క్వారంటైన్ దాటి లోపలికొచ్చిన ఆటగాళ్ళలో ఒక్కరికి కూడా పాజిటివ్ రాలేదు.

అద్భుతమే, ఒప్పుకుంటాను. నేనూ తెల్లవారుజామున లేచి ఆ మ్యాచ్‌లు చూసినవాణ్ణే. కానీ ఇన్నేళ్ళయినా ఈ విజయం గురించి చెప్పేవాళ్ళంతా ఒకే కథ చెబుతున్నారు: లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ దూరదృష్టి, రోజూ టెస్టులు, వేళ్ళకు పెట్టుకున్న స్మార్ట్ ఉంగరాలు, వంద పేజీలు దాటిన నిబంధనల పుస్తకం. ఇవన్నీ నిజమే. అయితే ఇవన్నీ పనిచేయడానికి కారణమైన స్థలం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మూడు నెలల్లో ఇంత పకడ్బందీ బబుల్‌ని ఎవరూ కట్టలేరు. ఎన్‌బీఏ కూడా కట్టలేదు. యాభై ఏళ్ళుగా తయారుగా ఉన్నదాన్ని అద్దెకు తీసుకుంది.

డిస్నీ వరల్డ్ పుట్టుక ఒకసారి గుర్తు చేసుకోండి. 1960ల మధ్యలో డిస్నీ మనుషులు కంపెనీ పేరు బయటికి రాకుండా, వేరే వేరే డమ్మీ కంపెనీల పేర్లతో ఫ్లోరిడాలో చిత్తడి నేలలు కొంటూ పోయారు. మొత్తం 27,000 ఎకరాలకు పైనే. 1967లో రాష్ట్ర చట్టసభ ఆ భూమిని ఒక ప్రత్యేక జిల్లాగా చేసింది, పేరు రీడీ క్రీక్. 2023లో రాష్ట్రం ఆ జిల్లాని తన చేతిలోకి తీసుకునేదాకా రోడ్లు వాళ్ళే వేసుకునేవారు, ఫైరింజన్లు వాళ్ళే నడుపుకునేవారు, భవనాల నిబంధనలు కూడా వాళ్ళే రాసుకునేవారు. అంత భూమి ఎందుకు కావాల్సొచ్చిందంటే, కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన డిస్నీల్యాండ్ చుట్టూ చవక మోటళ్ళు, దుకాణాలు ముసురుకున్నాయి, అవి వాల్ట్ డిస్నీకి నచ్చలేదు. లోపలున్నవాళ్ళకి బయటి ఊరు కనబడకూడదని ఆ పార్కు చుట్టూ మట్టి గట్టు పోయించిన మనిషి ఆయన. ఫ్లోరిడాలో గట్టు బదులు వేల ఎకరాల ఖాళీనే అడ్డం పెట్టారు.

ఇంకొక విషయం. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు కింద సొరంగాలున్నాయి. పనివాళ్ళు వాటిలోంచే వస్తారు, పోతారు, బట్టలు మార్చుకుంటారు, చెత్త కూడా కిందనుంచే పోతుంది. పైన తిరిగే అతిథికి శుభ్రమైన వీధి కనబడుతుంది, దాన్ని ఊడ్చిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎలా ఇంటికి పోతాడో కనబడదు. అక్కడ ప్రతి హోటలూ, ప్రతి రోడ్డూ ఇదే పద్ధతిలో ఆలోచించి కట్టినవి. బయటి ప్రపంచాన్ని బయటే ఉంచాలి, లోపల పనిచేసేవాళ్ళ కష్టం అతిథి కంట పడకూడదు. మహమ్మారి వచ్చినప్పుడు ఒక క్రీడా లీగ్‌కి అచ్చంగా కావాల్సింది ఇదే కదా! ఒక హోటల్లో పడక, ఇంకో హోటల్లో విందు గదిని ప్రాక్టీస్ కోర్టుగా మార్చుకోవడం, అదే ఆవరణలో మూడు కోర్టులు, వాటి మధ్య వాళ్ళవే రోడ్లు, వాళ్ళవే బస్సులు. ఇన్ని ఒక్కచోట, ఒక్క యజమాని చేతిలో, అది కూడా ఖాళీగా దొరికే చోటు అమెరికాలో ఇంకెన్ని ఉంటాయి?

డబ్బు లెక్క కూడా అక్కడే కుదిరింది. ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూపించే ఈఎస్‌పీఎన్ డిస్నీదే. లోకల్ చానళ్ళతో ఒప్పందాల కోసం ఒక్కో జట్టు దాదాపు 70 మ్యాచ్‌లు పూర్తి చేయాలి, అందుకే ప్లేఆఫ్స్‌కి (కప్పు ఎవరిదో తేల్చే చివరి దశకి) ముందు ఎనిమిదేసి మ్యాచ్‌లు పెట్టారు. బబుల్ ఖర్చు సుమారు 19 కోట్ల డాలర్లు, నిలబెట్టుకున్న ఆదాయం 150 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో అంచనాలు వచ్చాయి. ఇందులో తప్పేం లేదు. వ్యాపారం వ్యాపారమే.

నన్ను నిలదీసేది గీత ఎక్కడ గీశారన్న విషయం. లోపల గీత ఎంత గట్టిదంటే, శాక్రమెంటో ఆటగాడు రిచాన్ హోమ్స్ ఆర్డర్ చేసిన భోజనం తీసుకోవడానికి క్యాంపస్ హద్దు దాటాడని పది రోజులు గదిలో పెట్టారు. అంత్యక్రియలకని అనుమతి తీసుకుని వెళ్ళిన లూ విలియమ్స్ అట్లాంటాలో ఒక క్లబ్‌కి కూడా వెళ్ళాడని తేలితే అతనికీ పది రోజులే. ఎవరైనా నిబంధన తప్పితే పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు కూడా పెట్టారు. మరి ఆ గదుల్లో దుప్పట్లు మార్చినవాళ్ళు, బాత్‌రూములు కడిగినవాళ్ళు, వంట చేసినవాళ్ళు? వాళ్ళు రోజూ డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళారు. రోజుకి వందల కేసులు వస్తున్న ఓర్లాండోలోకే వెళ్ళి, మర్నాడు మళ్ళీ వచ్చారు. జూన్‌లో ప్లాన్ బయటికొచ్చినప్పుడు హోటల్ సిబ్బందికి టెస్టులు తప్పనిసరి కాదన్నారు. ఈ విషయం మీద గొడవ మొదలయ్యాక, ఆటగాళ్ళతో ఒకే గదిలో ఉండే అవకాశమున్న సిబ్బందికైనా టెస్టులు చేసేలా డిస్నీతో మాట్లాడుతున్నామని సిల్వర్ చెప్పారు. ఆ మాట ఒకసారి జాగ్రత్తగా చదవండి. టెస్టు ఎవరి కోసం? ఆటగాడి దగ్గరికి వచ్చేవాళ్ళకైతే టెస్టు, రానివాళ్ళకు అక్కర్లేదు. ఆ లెక్కలో పనిమనిషి ఆరోగ్యం అనేది అసలు లేదు, ఆ మనిషి ఆటగాడికి ఎంత ప్రమాదం అన్నదే ఉంది.

దీనికి జవాబుగా ఒక వాదన ఎప్పుడూ వినిపిస్తుంది, అందులో బలం ఉంది కూడా. ఆ వసంతంలో డిస్నీ వరల్డ్‌లో నలభై వేల మందికి పైగా ఉద్యోగులు జీతం లేని సెలవులో ఉన్నారు. బబుల్ వల్లే కొంతమందికైనా పని తిరిగొచ్చింది, మాస్కులు ఉన్నాయి, దూరం పాటించారు, ఆటగాళ్ళు ఉన్నప్పుడు పనివాళ్ళు దగ్గరికి రాకుండా ఏర్పాట్లు చేశారు, పైగా ఎన్‌బీఏ, ఆటగాళ్ళ సంఘం కలిసి డబ్బిచ్చిన యేల్ విశ్వవిద్యాలయం లాలాజల పరీక్షకు ఆగస్టులో అనుమతి వచ్చి అది అందరికీ ఉపయోగపడింది. నిజమే. కానీ పని దొరికింది కదా అని రక్షణ అడగొద్దంటే ఎలా? ఆకలితో ఉన్న మనిషి ఒప్పుకున్నాడు కాబట్టి అది న్యాయమైన బేరం అయిపోదు.

తేడా ఎక్కడొచ్చిందో చెప్పడానికి నాకు ఆగస్టు 26 చాలు. మూడు రోజుల ముందు విస్కాన్సిన్‌లోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు వీపు మీద కాల్చారు. అదే రాష్ట్రానికి చెందిన మిల్వాకీ బక్స్ ఆ రోజు మ్యాచ్‌కి కోర్టులోకి రాలేదు, లాకర్ రూమ్‌లోనే ఉండిపోయారు. ఆ సాయంత్రం మిగతా మ్యాచ్‌లూ ఆగాయి. రాత్రికి అన్ని జట్ల ఆటగాళ్ళు హోటల్లో ఒకే గదిలో కూర్చుని గంటల తరబడి మాట్లాడుకున్నారు, అరుచుకున్నారు, సీజన్ వదిలేసి వెళ్ళిపోదామా అన్నదాకా వచ్చారు. మూడు రోజులు బంతి కదల్లేదు. చివరికి చాలా నగరాల్లో ఎన్‌బీఏ అరీనాలని నవంబరు ఎన్నికలకు పోలింగ్ కేంద్రాలుగా ఇచ్చేలా ఒప్పందం సాధించుకున్నారు. మామూలు రోజుల్లో అయితే ఈ ఆటగాళ్ళు పాతిక ముప్పై ఊళ్ళలో చెదిరి ఉంటారు, ఫోన్లలో మాట్లాడుకోవాలి. ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టే ఒక్క రాత్రిలో ఒక మాట మీదికి వచ్చారని నా నమ్మకం. అతిథుల్ని లోకం నుంచి విడదీయడానికి కట్టిన హోటలే వాళ్ళని ఒకరికొకరిని దగ్గర చేసింది! ఆ బబుల్ కథ మొత్తంలో నన్ను కదిలించిన ఘట్టం అదే, ఏ ఫైనలూ కాదు.

ఆ హోటళ్ళలోనే పనిచేసేవాళ్ళకు అలా ఒకచోట కూర్చునే వీలు అప్పుడు లేదు. వాళ్ళకీ యూనియన్లున్నాయి, మంచి యూనియన్లే, 2018లో గంటకి 15 డాలర్ల కనీస వేతనం కోసం డిస్నీతో పోరాడి ఒప్పించినవి. కానీ 2020లో వాళ్ళ సభ్యుల్లో ఎక్కువమంది ఇళ్ళలో కూర్చుని, మాటిమాటికీ మొరాయిస్తున్న ఫ్లోరిడా నిరుద్యోగ భృతి వెబ్‌సైట్ ముందు గంటలు గడిపారు. ఆ రాష్ట్రం ఇచ్చే భృతి ఎంతనుకున్నారు? గరిష్ఠంగా వారానికి 275 డాలర్లు. డిస్నీలో వేషాలు కట్టి పాడే, ఆడే కళాకారుల యూనియన్ టెస్టులు లేకుండా పనికి రామని భీష్మించుకుంటే, వాళ్ళు లేకుండానే పార్కు తెరిచారు. ఆగస్టులో డిస్నీ ఆవరణలో టెస్టుల కేంద్రం పెట్టడానికి చోటిచ్చాకే వాళ్ళు తిరిగొచ్చారు. అడిగితే సాధ్యమే అన్నమాట.

ఇక సెప్టెంబరు 29. పార్కుల విభాగంలో 28,000 మందిని తీసేస్తున్నామని డిస్నీ ప్రకటించింది. అందులో మూడింట రెండొంతుల మంది పార్ట్‌టైమ్ పనివాళ్ళు. మర్నాడే, సెప్టెంబరు 30న, అదే ఆవరణలో ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్ జరిగింది. ఆ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చూపించినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు.

బబుల్ బాధలు అంటే ఇప్పటికీ ఆటగాళ్ళ ఒంటరితనమే గుర్తొస్తుంది. అది చిన్న బాధని నేననను. ఆ గదుల్లో డిప్రెషన్ వచ్చిందని పాల్ జార్జ్ ధైర్యంగా చెప్పాడు. మన హైదరాబాదీ సిరాజ్, ఆటో నడిపి తనని పెంచిన తండ్రి 2020 నవంబరులో చనిపోతే, ఆస్ట్రేలియాలో టీమ్ క్వారంటైన్‌లోనే ఉండిపోయాడు, చివరి చూపు కూడా దక్కలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ తర్వాతి ఏడాది ప్రో కబడ్డీ సీజన్ మొత్తాన్ని బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక పెద్ద హోటల్లోనే రెండు నెలలు నడిపినప్పుడు, మన తెలుగు టైటాన్స్ ఎన్ని మ్యాచ్‌లు ఓడిపోయారో నాకు తెలుసు, ఆ రెండు నెలలూ ఆ వంటింట్లో పనిచేసినవాళ్ళు ఇంటికి వెళ్ళగలిగారో లేదో ఒక్క వార్తలో చదివిన గుర్తు లేదు.

ఇదంతా నన్ను తెచ్చి నిలబెట్టేది మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర. ఎందుకంటే హైదరాబాద్ పడమటి వైపు మనం కట్టుకున్న గేటెడ్ కమ్యూనిటీలన్నీ చిన్న చిన్న డిస్నీలే. చుట్టూ గోడ, మన రోడ్లు, మన సెక్యూరిటీ, మన జిమ్ము, పనివాళ్ళకి వేరే లిఫ్టు. 2020 మార్చిలో మేం మొదట చేసిన పని, పనిమనుషుల్ని రావద్దనడం. విమానాల్లో తిరిగొచ్చినవాళ్ళు మా ఫ్లాట్లలోనే ఉన్నారు, జబ్బు అంటించే మనుషులుగా మాత్రం బస్తీ నుంచి నడిచొచ్చే ఆడవాళ్ళే కనబడ్డారు. జూన్‌లో మళ్ళీ రానిచ్చినప్పుడు గేటు దగ్గర టెంపరేచర్ గన్ పెట్టారు. కార్లో వచ్చే మాకు అద్దం దించమని కూడా అడిగేవారు కాదు, వాళ్ళు మాత్రం ఎండలో వరసలో నిలబడేవారు. నెగెటివ్ రిపోర్టు తెస్తేనే లోపలికి అని ఒక తీర్మానం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. టెస్టు డబ్బు ఎవరిస్తారు, టెస్టుకి వెళ్ళిన రోజు జీతం ఎవరిస్తారు అని ఒక్క పెద్దావిడ అడిగారు. ఎవరూ జవాబివ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

ఇప్పుడిస్తున్నాను. టెస్టు డబ్బు మనమే ఇవ్వాలి. ఆ రోజు జీతం కూడా. జ్వరమొచ్చి ఇంట్లో ఉంటే పద్నాలుగు రోజుల జీతం కూడా, ఎందుకంటే అది ఇవ్వకపోతే జ్వరం దాచుకునైనా వస్తారు, రాక తప్పదు. రేపు ఇంకో మహమ్మారి వచ్చి ఏదైనా లీగ్ ఒక రిసార్ట్‌ని అద్దెకు తీసుకుంటే, ఆ ఒప్పందంలో గదుల సంఖ్య రాసిన పేజీలోనే ఆ గదులు సర్దేవాళ్ళ టెస్టుల ఖర్చు, జీతంతో కూడిన సెలవు కూడా రాయించాలి. 19 కోట్ల డాలర్లలో అది ఎంతవుతుంది? మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌లో అయితే ఎంతవుతుందో నేను లెక్క వేశాను. ఫ్లాట్‌కి నెలకి మూడు వందలు కూడా కాదు. వచ్చే అసోసియేషన్ మీటింగులో పెడుతున్నాను.