వేడి అడవి మల్లె

నిన్న పొద్దున్నుంచి లిఫ్టు ఎక్కట్లేదు. మెట్ల మీదే తిరుగుతున్నాను. లిఫ్టులో అయిదో అంతస్తు మామి ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

మద్రాసు తిరువాన్మియూర్‌లో మా ఇంటికి సముద్రం రెండు వీధుల అవతల. హాయిగా గాలి వస్తుందని బంధువులు కుళ్ళుకుంటారు. ఆ గాలితో వచ్చే ఉప్పు ఎలాంటిదో మా బాల్కనీ గ్రిల్లుని అడగాలి. మూడు గులాబీ మొక్కల్నీ, ఒక కరివేపాకునీ అడుగుదామంటే అవి ఇప్పుడు లేవు. మిగిలింది బిళ్ళగన్నేరొక్కటే. ఇసుకలో వేసినా, గోడ పగుల్లో పడినా, వారం రోజులు నీళ్ళు పొయ్యకపోయినా పొద్దున్నే అయిదు రేకుల గులాబీ పూలు పూసుకుని కూర్చుంటుంది. మేకలు కూడా మూతి పెట్టవు. మడగాస్కర్‌లో పుట్టి ఇక్కడిదాకా వచ్చిన మొక్కకి మా బాల్కనీ ఓ లెక్కా!

మామి వాళ్ళ గృహప్రవేశానికి వెండి కుంకుమ భరిణ అనుకున్నాను. వెండి రేటు చూశాక మొక్కయితే బాగుంటుందనిపించింది. తోపుడు బండి మీద బిళ్ళగన్నేరు, కుండీతో సహా నూట ఇరవై.

చిక్కంతా పేరుతో వచ్చింది. శుభమా అని ఒకరింటికి వెళ్ళి గన్నేరు అంటే ఏం బాగుంటుంది? మనకి గన్నేరు అనగానే ముందు గన్నేరు పప్పే గుర్తొస్తుంది. నర్సరీ వాళ్ళేమో వింకా అంటారు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1759లో వింకా రోజియా అన్నాడు. 1837లో జార్జ్ డాన్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త దాన్ని కాథరాంథస్ అని మార్చాడు. గ్రీకులో స్వచ్ఛమైన పువ్వు అని అర్థం. ఆ కబురు మా వీధి చివరి నర్సరీకి ఇంకా చేరలేదు. ఇవన్నీ ఎందుకు, చక్కగా తమిళంలోనే చెప్పి మామి దగ్గర మార్కులు కొట్టేద్దామని బండి అతన్నే అడిగాను. అతను చెవి వెనకాల గోక్కుని, "సుడుకాట్టు మల్లి అక్కా" అన్నాడు.

నాకు మూడేళ్ళ తమిళం వచ్చు. సుడుతణ్ణి అంటే వేడి నీళ్ళు. కాట్టుపన్ని అంటే అడవి పంది. అంటే ఇది వేడి అడవి మల్లె. మద్రాసు ఎండకి ఎంత అతికినట్టుంది పేరు! దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళాను.

హోమం అయిపోవచ్చింది. హాలు నిండా పట్టుచీరలు. మామి కుండీ అందుకుని, "ఇదు ఎన్న చెడి?" అని ముచ్చటగా అడిగింది. చెవిటివాళ్ళక్కూడా వినపడేలా చెప్పాను. "సుడుకాట్టు మల్లి, మామీ! తణ్ణి ఇల్లాట్టియుం సాగాదు. ఒరు చెడి వెచ్చా పోదుం, వీడు ఫుల్లా వందుడుం!" నీళ్ళు లేకపోయినా చావదు, ఒక్కటి పెడితే చాలు, ఇల్లంతా వచ్చేస్తుంది అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గింజలు రాలితే నిజంగానే అంతటా మొలుస్తుంది.

శాస్త్రిగారి చేతిలో నేతి గరిటె గాల్లోనే ఆగింది. నెయ్యి మాత్రం ఆగలేదు, పంచె మీద బొట్టు బొట్టుగా కారుతోంది. డబరాలోకి కాఫీ తిరగపోస్తున్న తాతగారు పొయ్యడం ఆపలేదు కానీ చూపు నా మీద పెట్టాడు. కాఫీ నేల మీదికి పోయింది. మూల స్పీకర్లో నాదస్వరం ఒక్కటే నన్ను పట్టించుకోకుండా మోగుతోంది. ఇంతలో ఓ నాలుగేళ్ళ బుడతడు చప్పట్లు కొడుతూ "సుడుకాడు! సుడుకాడు!" అని ఇల్లంతా గెంతడం మొదలెట్టాడు. వాడి నోరు నొక్కడానికి ముగ్గురు లేచారు.

మామి పాపం పెద్దమనిషి. "అదు నిత్యకల్యాణి మా," అంది మెల్లగా.

నిత్యకల్యాణి! అంత లక్షణమైన పేరుండగా ఆ బండి మహానుభావుడు ఏరి ఏరి నాకు ఇచ్చింది అదన్నమాట.

అక్కడితో నోరు మూసుకోవచ్చుగా? మొక్క పరువు నిలబెడదామని, "ఇదులే కేన్సర్ మరుందు ఎడుక్కరాంగ మామీ!" అన్నాను. అదీ నిజమే. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందులు దీన్నుంచే తీస్తారు. ఎంతమంది పసిపిల్లలని కాపాడిందో. హోమగుండం ముందు ఆ జబ్బు పేరెత్తాక అదంతా ఎవరు వింటారు? శాస్త్రిగారు ఇంకో రెండు మంత్రాలు ఎక్కువ చదివినట్టే అనిపించింది.

పాయసం తిన్నానో లేదో గుర్తులేదు. మెట్ల మీద మా ఆయన చెప్పాడు, సుడుకాడు అంటే శ్మశానం అని. పన్నెండేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉన్న మనిషి. నేను దారంతా వల్లిస్తుంటే పక్కనే నడిచిన మనిషి! "మరి ముందే చెప్పొచ్చుగా?" అంటే, "ఏదో పాటనుకున్నా" అన్నాడు.

తలుపు తీశాను. సోఫా మీద తడి తువ్వాలు, నేలంతా అటుకులు, టీవీ ముందు పిల్లలిద్దరూ. రోజూ అనేదే నోటిదాకా వచ్చింది.

"ఇల్లు వల్లకాడు చే..."

వెనకాల మా ఆయన గోడకి జారబడి నవ్వుతున్నాడు.