నీళ్లు ముత్యాల్లా జారితే సరిపోదండీ

విశాఖ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయక గుడి ముందు మొన్న ఒక కొత్త కారుకి పూజ జరుగుతోంది. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ ఇంటి పెద్దాయన పక్కవాళ్లతో సంతోషంగా చెబుతున్నారు: "టెఫ్లాన్ కోటింగ్ కూడా వేయించామండీ, మూడేళ్లదాకా పెయింట్ గురించి టెన్షన్ లేదు." దగ్గరికి వెళ్లి ఒక మాట చెబుదామనిపించింది. శుభమా అని పూజ చేసుకుంటున్న వాళ్ల దగ్గర ఆ మాట అనలేక వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం నేనూ ఇదే మాట నమ్మాను. ముదురు నీలం కారు, ఐదేళ్ల ఈఎంఐ. మాది లాసన్స్ బే కాలనీ, సముద్రం నడిచి వెళ్లేంత దూరం. "ఉప్పుగాలి కదా సార్, కోటింగ్ తప్పనిసరి" అని డెలివరీ రోజే 8,500 రూపాయలు బిల్లులో కలిపారు. మొదటి వానకి బానెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారిపోతుంటే ఇంట్లో అందరినీ బాల్కనీలోకి పిలిచి చూపించాను. ఐదో నెలకి అదే బానెట్ మీద నీళ్లు పలచగా పరుచుకుని నిలబడిపోయాయి. ముందు చక్రం పైన రాయి తగిలి పెయింట్ లేచిన చోట గోధుమరంగు చుక్క కనిపించింది. వెళ్లి అడిగితే, ఆరు నెలలకోసారి డబ్బు కట్టి అక్కడే మళ్లీ చేయించుకుంటేనే ఆ మూడేళ్ల హామీ ఉంటుందట. ఆరు నెలలకోసారి వేయాల్సిన దాని ఆయుష్షు ఆరు నెలలే కదా! మూడేళ్లు అని ఎందుకు చెప్పాలి?

టెఫ్లాన్ మాట కూడా ఒకసారి చూడండి. దోసె పెనం మీద అది నిలవాలంటే 350 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి పట్టిస్తారు, ఎందుకంటే అది కరిగేదే దాదాపు 327 డిగ్రీల దగ్గర. కారుకి అంత వేడి పెడితే పెయింటే మిగలదు. సీసాలోంచి తీసి గుడ్డతో రుద్దితే పెనం మీద పట్టినట్టు కారు మీద ఎలా పడుతుంది? మొదట్లో కనిపించిన ఆ మెరుపు, ఆ జారుడు, సీసాలో దానితో కలిపిన మైనానివో సిలికాన్‌వో అయి ఉండాలి.

ఇంతకీ మనం కాపాడుకోవాల్సింది ఏమిటి? కారు మీద ప్రైమరు, రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. ఈ పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండనీ వాననీ ఏళ్లపాటు మోసేది వెంట్రుక కంటే పలచటి ఈ పొరే. వ్యాక్స్ (మైనం) అయినా సీలెంట్ (కృత్రిమ పూత) అయినా దీని మీద ఒక మైక్రాన్ కూడా ఉండదు. పెయింట్ బదులు తాను అరిగిపోవడమే దాని పని. అరిగిపోతే మోసం కాదు, అరగదని చెప్పి అమ్మడం మోసం.

పేరున్న మైనం కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు. ఎండలో తన నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకుకి పూసుకునే పొర అది. 82 డిగ్రీలు దాటితేగానీ కరగదు, విడిగా రాయిలా ఉంటుంది. అందుకే నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తగా చేసి డబ్బాల్లో అమ్ముతారు. మంచి నిగారింపు ఇస్తుంది కానీ మన ఎండకి, బయట పార్క్ చేసే కారు మీద ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలిస్తే గొప్ప. సీలెంట్ అనేది కృత్రిమంగా తయారు చేసిన పాలిమరు. పూశాక కొన్ని గంటలపాటు నీళ్లు తగలకుండా వదిలేస్తే పెయింట్‌కి గట్టిగా పట్టుకుంటుంది, నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. సీలెంట్ మీద వ్యాక్స్ వేసుకోవచ్చు. వ్యాక్స్ మీద సీలెంట్ సరిగ్గా పట్టదు. పూశాక గాజులా గట్టిపడే సిరామిక్ కోటింగ్ వీటికంటే ఎక్కువ కాలం ఉండే మాట నిజమే, కానీ దాన్ని అమ్మేవాళ్లు చెప్పే 9హెచ్ అంటే వజ్రం లాంటి గట్టిదనం అని చెబితే నమ్మకండి. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో వచ్చే అంకె. రాయి తగిలితే అదీ లేస్తుంది.

ఇక మన ఊరి సంగతి. నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు పోర్టు దగ్గరి జ్ఞానాపురంలో ఉండేవాళ్లం. కిటికీ ఊచ మీద వేలు పెడితే నల్లగా బొగ్గుపొడి అంటేది. తుప్పు పట్టకుండా ఆయన ఏటా స్కూటర్ అడుగుభాగానికి పాత ఇంజిన్ ఆయిల్ పూయించేవారు. అప్పట్లో అది జిడ్డు పని అని నాకు నచ్చేది కాదు. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ తడి ఇనుము మీద నిలిస్తే తుప్పు పడుతుంది. ఇనుము బయటపడేది ఎక్కడ? అడుగున, తలుపుల అంచుల్లో, రాయి తగిలిన చోట. బానెట్ మీద వేసిన వ్యాక్స్ వీటిలో దేన్నీ కాపాడదు. ఉప్పుగాలి పేరు చెప్పి బానెట్‌కి కోటింగ్ అమ్మే బదులు, నెలకోసారి కారు అడుగున మంచినీళ్లు కొట్టించండి, లేచిన చోట వెంటనే టచప్ చేయించండి అని చెప్పేవాళ్లు కావాలి.

గాజువాక ఆటోనగర్‌లో పెయింటింగ్ చేసే ఒకాయన నాకు చూపించిన సంగతి ఇంకొకటి. కారు శుభ్రంగా కడిగి, చేతికి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా చెయ్యి జరపమన్నారు. గరుకు కాగితంలా తగిలింది. "ఇది దుమ్ము కాదు బాబూ, ఇనుప రజను. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి, గ్రైండింగ్ షెడ్ల నుంచి ఎగిరొచ్చి గుచ్చుకుంటుంది. కడిగితే పోదు" అన్నారు. ఆ రజను తీయడానికి మందు ఉంది. స్ప్రే చేస్తే ఇనుము కరుగుతూ ఊదారంగులో కారుతుంది. మిగిలింది మెత్తటి క్లే ముద్దతో నీళ్లు జల్లుతూ తీస్తారు. అది తీయకుండా పైన ఎంత ఖరీదైన సీలెంట్ వేసినా మురికి మీద మూత పెట్టినట్టే. నా కారుకి డెలివరీ రోజు గంటలో ముగించారు, ఇవేవీ చేసి ఉండరు.

నీళ్లు జారడం మీద కూడా ఒక మాట. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే, ముత్యంలా నిలిచిన ప్రతి చుక్కా ఆరి తెల్లటి మచ్చ మిగులుస్తుంది. జారే పొర ఉన్నప్పుడే గుడ్డతో తడి అద్దడం ఇంకా అవసరం. పిట్ట రెట్ట పడితే మైనం కొంత సమయం ఇస్తుంది, అంతే. మధ్యాహ్నపు ఎండలో క్లియర్ కోట్ మెత్తబడి ఉంటుంది. అప్పుడు ఆ రెట్ట అక్కడే ఎండితే మచ్చ పెయింట్‌లోకి దిగిపోతుంది. కారులో ఒక నీళ్ల సీసా, మెత్తటి గుడ్డ పెట్టుకోండి.

ఇప్పుడు నేను నాలుగు నెలలకోసారి పొద్దున్నే, బానెట్ చల్లగా ఉన్నప్పుడు సెల్లార్‌లో సీలెంట్ పలచగా పూసుకుంటున్నాను. డబ్బా ఏడాదికి పైగా వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మా సెల్లార్‌లో 14 కార్లు కడిగే తమ్ముడికి ఒకే బకెట్, ఒకే పాత బనియన్ గుడ్డ. మొదటి కారు మీది ఇసుక పద్నాలుగో కారు మీద గీత అవుతోంది. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే ఆ గీతలు పోవడానికి మళ్లీ రబ్బింగ్ చేయిస్తాం. రబ్బింగ్ అంటే ఆ పలచటి క్లియర్ కోట్‌నే ఇంకొంచెం అరగదీయడం. తప్పు ఆ అబ్బాయిది కాదు. కోటింగ్‌కి వేలు కట్టిన మనమే అతనికి రెండో బకెట్ కొనివ్వలేదు. కారుకి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, సెల్లార్‌కి రెండు బకెట్లు కొందామని మా అసోసియేషన్ గ్రూపులో అడిగాను. ఇప్పటికి ఐదుగురు సరే అన్నారు, ఇంకా తొమ్మిది మంది చెప్పాలి.