విశాఖను కట్టింది ఒకటో తారీఖు జీతం

విశాఖ గురించి ఎవరు నోరు విప్పినా ఇప్పుడు డేటా సెంటర్ల దగ్గరే మొదలుపెడుతున్నారు. గూగుల్ 1,500 కోట్ల డాలర్లు తెస్తోందని 2025 అక్టోబరు నుంచి వింటూనే ఉన్నాం. రానివ్వండి, సంతోషం. కానీ ఈ ఊరు ఇంతదైంది పెట్టుబడుల సదస్సులతో కాదు, నెల తిరిగేసరికి జీతం పడే ఇళ్లతో. ఆ ఇళ్లలో నేవీవాళ్లవి ఎన్నో మన చర్చల్లో ఎవరూ లెక్కపెట్టరు.

1931లో ఇక్కడున్నది 57 వేల మంది. 1933లో ఓడరేవు, 1941లో సింధియావాళ్ల షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, 1968లో తూర్పు నౌకాదళం, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. 2011కి 17 లక్షలు దాటాం. (గాజువాకనూ చుట్టుపక్కల పల్లెలనూ కార్పొరేషన్‌లో కలిపేసుకున్న లెక్క అది, మరీ మురిసిపోనక్కర్లేదు.) ఎన్ఏడీ కొత్తరోడ్డులో రోజూ బస్సు దిగేవాళ్లలో ఆ మూడక్షరాలు నేవీ ఆయుధాల డిపోవని ఎందరికి గుర్తుంటుంది?

నావికుడు ఈ ఊరికి ఎలా ఆదాయమయ్యాడో చూడండి. బిహార్ నుంచో, కేరళ నుంచో, మన శ్రీకాకుళం నుంచో ఇరవై నిండకుండానే చేరేవాడు. పదిహేనేళ్ల సర్వీసుకే పెన్షన్. యూనిఫాం విప్పాక పిల్లల చదువులని, నేవీ ఆసుపత్రి, క్యాంటీను దగ్గరని చాలామంది ఇక్కడే ఉండిపోయారు. మాజీ సైనికుల కోటాలో బ్యాంకులోనో ప్రభుత్వ సంస్థలోనో రెండో ఉద్యోగం. గాజువాకలోనో గోపాలపట్నంలోనో లోనుమీద ఫ్లాటు. రిటైరైనవాడంటే మనకు అరవయ్యేళ్ల పెద్దాయన కళ్లముందు మెదులుతాడు. ఇక్కడ ముప్పయ్యారేళ్ల రిటైర్డు మనిషి కూతుర్ని ఎల్‌కేజీలో చేర్చడానికి స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఒక చేత్తో పెన్షను, ఇంకో చేత్తో జీతం, ముందు ఇంకా పాతికేళ్ల ఖర్చు. ఏ కంపెనీ తెచ్చిపెడుతుంది ఇలాంటి కొనుగోలుదారుణ్ణి?

2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకం ఈ గొలుసునే తెంపింది. సర్వీసు నాలుగేళ్లు. అది నిండాక కొనసాగించేది 25 శాతం మందినే. మిగతావాళ్ల చేతిలో సుమారు 11.7 లక్షల సేవా నిధి పెట్టి పంపుతారు, పెన్షన్ లేదు. ఆ ఏడాది నవంబరులో శిక్షణకు వెళ్లిన నేవీ తొలి బ్యాచ్‌కి 2026 ఆఖరుకి గడువు తీరుతుంది. నాలుగేళ్ల ఉద్యోగిని చూసి ఇరవయ్యేళ్ల ఇంటిలోను ఏ మేనేజరు ఇస్తాడు? ఆ కుర్రాడికి ఈ ఊళ్లో ఉండిపోవడానికి కారణం ఏముంటుంది?

సైన్యం యవ్వనంగా ఉండాలి, పెన్షన్ల బరువు తగ్గితే ఆ డబ్బుతో ఓడలు కొనొచ్చు అంటారు. రాంబిల్లి దగ్గర నేవీకి కొత్త స్థావరం వస్తోంది కదా అని కూడా అంటారు. నిజమే. ఓడలు పెరగొచ్చు. ఓడలు మల్కాపురం సంతలో కూరగాయలు కొనవు.

పైగా ఇది నేవీతో ఆగే కథ కాదు. 2021లో ఉక్కు ఫ్యాక్టరీని అమ్మేస్తామన్నారు. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించి, అదే ఏడాది వీఆర్ఎస్ పేరుతో ఉద్యోగుల్ని సాగనంపారు, కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. ఉత్తరాంధ్రలో పిల్లనిచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘పర్మనెంటేనా?’ అని. ప్రభుత్వాలు ఎగతాళి చేసే ఈ ప్రశ్నే నా దృష్టిలో ఈ ఊరి అసలు ఆర్థికశాస్త్రం. డేటా సెంటర్‌కి కట్టేటప్పుడు మనుషులు కావాలి. నడిచేటప్పుడు కరెంటూ నీళ్లూ చాలు, కాపలాకీ మరమ్మతుకీ కొద్దిమంది.

ఐటీ కంపెనీలకు 99 పైసలకు భూములిచ్చిన ఒప్పందాల్లో ఎన్ని వేల ఉద్యోగాలొస్తాయో అంకె వేసి చెప్పారు. ఆ అంకె పక్కన ఇంకో గడి గీసి, అందులో పర్మనెంటు ఎన్నో రాయమనండి.