నేనెవరు? సెకండ్ అవర్, సీఎస్ఈ డి సెక్షన్

నేను మెకానికల్ లెక్చరర్‌ని. చాలా ఏళ్లు థర్మోడైనమిక్స్ చెప్పుకుని బతికాను. ఆ మధ్య మా మేనేజ్‌మెంట్ మెకానికల్ సీట్లు తగ్గించుకుని ఏఐ, డేటా సైన్స్ సీట్లు తెచ్చుకుంది. నాకు వర్క్‌లోడ్ చాలకుండా పోయింది. వర్క్‌లోడ్ చాలని మనిషికి ప్రైవేటు కాలేజీలో రెండే దారులు: అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, మానవ విలువలు చెప్పడం. నాకు ఎండ పడదు. అలా విలువల్లోకి వచ్చాను.

ఇది చదివి నేనేదో ఈ కోర్సులను వెక్కిరిస్తున్నానని అనుకునేరు. అన్నం పెడుతున్న సబ్జెక్టు, వెక్కిరిస్తే కళ్లు పోతాయి. ఇవి చాలడం లేదన్నదే నా బాధ.

2017లో ఏఐసీటీఈ వాళ్లు, అంటే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థవాళ్లు, ఇంజనీరింగులో కొత్తగా చేరిన పిల్లలకు 3 వారాల ఇండక్షన్, అంటే కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమం, పెట్టమన్నారు. ఆ మూడు వారాలూ రెగ్యులర్ పాఠాలు ఉండకూడదు. వ్యాయామం, పాటో బొమ్మో ఏదో ఒక కళ, సాహిత్యం, పెద్దల ఉపన్యాసాలు, ఊరు చూసిరావడం, వీటన్నిటి నడుమ యూనివర్సల్ హ్యూమన్ వేల్యూస్, అదే మానవ విలువలు. స్టాఫ్‌రూమ్ భాషలో యూహెచ్‌వీ. 20 మందికి ఒక మెంటార్ ఉండాలని కూడా రాశారు. ఇంటర్ రెండేళ్లూ తెల్లారకుండా లేచి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్‌లో కూర్చుని, ఆదివారం కూడా టెస్టు రాసి వచ్చిన పిల్లాడికి కాస్త గాలి తగలాలని ఎవరో మంచి మనసుతో రాసిన కాగితం అది. అందులోని నమూనా టైంటేబుల్ ప్రకారం మేలుకొలుపు 6 గంటలకు. ఇంటర్ హాస్టల్‌తో పోలిస్తే ఓ గంట స్వాతంత్ర్యం వచ్చినట్టే.

ఆ కాగితం మా సెమినార్ హాలు గడప దాటేసరికి 20 కాస్తా 240 అయింది. మైకు ఒకటి. హార్వర్డ్‌లో ఇలాంటి ఫస్టియర్ సెమినార్లు 1959 నుంచే ఉన్నాయి. పదీ పదిహేను మంది ఒక బల్ల చుట్టూ చేరి, తమకు నచ్చి ఎంచుకున్న విషయం మీద ప్రొఫెసరుతో వాదించుకుంటారు, మార్కుల గోల లేకుండా. మా దగ్గరా గుండ్రంగా కూర్చోబెడదామని చూశాను. కుర్చీలు నేలకు బోల్టులు వేసి బిగించి ఉన్నాయి. సబ్జెక్టు ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం పూర్తిగా ఇచ్చాం, ఉన్నది ఒకటే కాబట్టి.

మొదటి సెషన్ పేరు ‘నేనెవరు?’. ఉపనిషత్తుల కాలం నుంచి తేలని ప్రశ్న, మాకు 50 నిమిషాలు ఇచ్చారు. అందులో అటెండెన్స్‌కే 20 పోయాయి. మూడో వరసలో ఉన్న పిల్లాణ్ని లేపి, “నాన్నా, నువ్వెవరు?” అన్నాను.

“41 వేలు సార్.”

“అది కాదమ్మా. ర్యాంకు తీసేస్తే నువ్వెవరు?”

వాడు నిజంగానే ఆలోచించాడు. పక్కవాడి వంక చూశాడు. “మేనేజ్‌మెంట్ కోటా అంటారు సార్” అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. నేను నవ్వలేదు. ఇంత సూటిగా జవాబు చెప్పినవాడు నాకు ఆ మూడు వారాల్లో మళ్లీ కనపడలేదు. మిగతావాళ్లంతా రెండో రోజుకే లైన్లో పడ్డారు. “నేను ఆనందాన్ని కోరుకునే చైతన్యాన్ని సార్” అని ఒకమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ వచ్చేసిందట.

సిలబస్‌లో అనుబంధాలకు 9 భావాలున్నాయి. నమ్మకంతో మొదలై ప్రేమతో ముగుస్తాయి. నమ్మకం పునాది, ప్రేమ పరిపూర్ణత. పునాది గురించి నేను గంట సేపు చెప్పాను, నాకే గొంతు పూడుకుపోయింది. బయటికి వెళ్లేటప్పుడు పిల్లలంతా వరసగా వేలిముద్ర వేసి వెళ్లారు. పొద్దున వేలిముద్ర వేసి వెనక గేటు నుంచి జారుకుంటున్నారని తెలిసి, మర్నాటి నుంచి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడే కాదు, నడుమ కూడా వేయమన్నాం. నమ్మకానికి రోజుకు మూడు వేలిముద్రలు.

ఇండక్షన్ అయ్యాక ఇదే సబ్జెక్టు సెకండియర్లో మళ్లీ వస్తుంది. 2018 మోడల్ కరికులంలో దీనికి 3 క్రెడిట్లు ఇచ్చారు, మా దగ్గర మిడ్స్, అంటే సెమిస్టర్ నడుమ పరీక్షలు, కూడా ఉన్నాయి. “9 భావాలను పేర్కొని, ఏవేని రెండింటిని వివరింపుము.” ఒక పేపర్లో ఎనిమిది రాసి, తొమ్మిదోది కొట్టేసి ఉంది. పరీక్షగా చూస్తే కృతజ్ఞత. స్టెప్ మార్కులు వేశాను.

ఢిల్లీ యూనివర్సిటీవాళ్లు మాకంటే ముందున్నారు. అక్కడ 2022 నుంచి డిగ్రీ పిల్లలకు వేల్యూ యాడిషన్ కోర్సులు, ఒక్కోటి 2 క్రెడిట్లు. వాటిలో ‘ఆర్ట్ ఆఫ్ బీయింగ్ హ్యాపీ’ అని ఒకటుంది. దాంట్లో సప్లీ వచ్చిన పిల్లాడు ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పుకుంటాడో పాపం. మన ఆంధ్రా డిగ్రీ కాలేజీలు ఇంకా లౌక్యం చూపించాయి. 2020-21లో తెచ్చిన రెండు క్రెడిట్ల స్కిల్ కోర్సుల్లో ప్లాంట్ నర్సరీ, టూరిజం గైడెన్స్‌తో పాటు ఇన్సూరెన్స్ ప్రమోషన్ కూడా పెట్టారు. డిగ్రీ అయ్యాక చుట్టాలందరూ ఎందుకు తప్పించుకు తిరుగుతారో ఫస్టియర్లోనే తెలిసిపోతుంది.

ఇలాంటి కొత్త కోర్సులకు నా ప్రతిపాదనలు నేనూ మా శాఖ పెద్ద హెచ్‌ఓడీ గారికి రాసిచ్చాను. మొదటిది ‘కండోనేషన్: కాలం, ధనం, క్షమ’. జేఎన్‌టీయూలో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపి ఫీజు కట్టి గట్టెక్కవచ్చు, 65 కిందకి జారితే డిటెన్షనే, పరీక్ష రాయనివ్వరు. అంటే పశ్చాత్తాపం పది శాతం దాకా చెల్లుతుంది. ఇంతకన్నా లోతైన నీతిశాస్త్రం నాకు ఏ గ్రంథంలోనూ కనపడలేదు. రెండోది ల్యాబ్ రికార్డుల మీద. ఒకడు చేసిన ప్రయోగానికి 60 మందికి ఒకే రీడింగు ఎలా వస్తుంది, ఆ రీడింగు నాలుగు బ్యాచ్‌ల నుంచి ఎలా చెక్కుచెదరకుండా వస్తోంది అన్నది పరిశోధించాల్సిన విషయం. మూడోది గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు మీద. అది చెప్పడానికి నేను చాలను, ఆ షాపు ఓనర్ని గెస్ట్ ఫ్యాకల్టీగా పిలవాలని రాశాను. ఏ యూనిట్ నుంచి ఏ ప్రశ్న వస్తుందో ఆయనకు తెలిసినట్టు మాలో ఒక్కరికీ తెలియదు.

హెచ్‌ఓడీ గారు కాగితం మొత్తం చదివి, “బాగుందండీ, ఫొటోలు తీయించండి” అన్నారు. ఆయన తప్పేం లేదు. ఎక్కడ తీశారో చూపించే జియోట్యాగ్ ఫొటో లేనిదే ఏ కార్యక్రమమూ ఫైల్లోకి ఎక్కదు. ఊరు చూసిరావడం కింద పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లినప్పుడు బ్యానర్ మర్చిపోయాం. మర్నాడు బ్యానర్‌తో మళ్లీ వెళ్లాం. రెండోసారి చెరువు వంక ఎవరూ చూడలేదు.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒక్కటే. సీట్లు ఇచ్చే కౌన్సెలింగ్ ఎప్పుడూ ఒక విడతతో అయిపోదు. ఫస్ట్ ఫేజ్‌లో వచ్చినవాడికి మూడు వారాల విలువలూ అందుతాయి. సెకండ్ ఫేజ్ వాడికి సగం. చివరి విడత వాళ్లు, స్పాట్ అడ్మిషన్ల వాళ్లు వచ్చేసరికి ఫ్లెక్సీలు కూడా విప్పేసి ఉంటాయి. ఫీజు మాత్రం అందరికీ మొదటి రోజు నుంచే.

మొన్న అలాంటివాడే ఒకడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో ట్రంకు పెట్టె, చంకలో కొత్త డ్రాఫ్టర్, వెనకాల వాళ్ల నాన్న. ఆయన చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చారు.

“సార్, విలువలు అయిపోయాయంట కదా” అన్నాడు పిల్లాడు.

“అయిపోయాయి నాన్నా. పోయిన శుక్రవారంతో.”

వాడి మొహంలో టెన్షన్ కనపడింది. వాళ్ల నాన్న ముందుకొచ్చి, గొంతు తగ్గించి, “ఏమన్నా కడితే అవుతుందా సార్?” అన్నారు.