వద్దనుకుంటే పడుకోండి

వాషింగ్టన్ రాష్ట్రంలో ఓటు హక్కున్న తెలుగువాళ్లందరికీ ఒక ముఖ్య గమనిక. మీ ఏరియాలో మురుగు పైపులు మార్చడానికి బాండ్లు అమ్ముతాం, ఆ అప్పు మీ ఆస్తి పన్ను పెంచి తీరుస్తాం అంటూ ఇంటికి బ్యాలెట్ వస్తే, మీకది ససేమిరా ఇష్టం లేకపోతే, దయచేసి 'నో' మాత్రం వేయకండి. ఆ కవరు తీసి పాత బిల్లుల కింద పెట్టి హాయిగా పడుకోండి.

జోక్ కాదు, రాష్ట్ర రాజ్యాంగమే అలా ఉంది. ఇలాంటి బాండ్లకి 60 శాతం 'ఎస్' రావాలి, అది సరే. దాంతోపాటు ఆ డిస్ట్రిక్ట్‌లో (అంటే జిల్లా కాదు, ఆ పన్ను పడే ఏరియా) కిందటి నవంబర్ ఎన్నికకి ఎంతమంది ఓటేశారో అందులో కనీసం 40 శాతం మంది ఇప్పుడూ వేయాలి. అప్పుడు 10,000 మంది వేశారనుకోండి, ఇప్పుడు 4,000 కావాలి. 3,999 వచ్చాయి, అన్నీ 'ఎస్'లే. బాండు ఓడిపోయినట్టే! ఇంతలో పన్ను అంటే ఒంటికాలి మీద లేచే పెద్దాయన ఒకరు వానలో గొడుగేసుకుని వెళ్లి డ్రాప్ బాక్సులో తన 'నో' పడేసి వచ్చారు. లెక్క 4,000కి చేరింది, బాండు గెలిచింది. కొత్త పంపింగ్ స్టేషన్‌కి ఆయన పేరే పెట్టాలని నా డిమాండ్.

భోజనానికి రానివాళ్ల విస్తళ్లు లెక్కపెట్టి పెళ్లి చెల్లదన్నట్టుంది కదా.

దీనికి ముహూర్తం కూడా చూసుకోవాలి. అధ్యక్ష ఎన్నికకి జనం ఎగబడి ఓటేస్తారు కాబట్టి ఆ వెంటనే వచ్చే ఫిబ్రవరిలో బాండు పెడితే 40 శాతం కొండలా కనిపిస్తుంది, అదే జనం పెద్దగా పట్టించుకోని బేసి సంవత్సరం నవంబర్ ఎన్నిక తర్వాత పెడితే చిన్న గుట్ట. డిస్ట్రిక్ట్‌ని నడిపే కమిషనర్లకి ఇంజినీరు కంటే ముందు సిద్ధాంతి కావాలి. (స్కూల్ లెవీలకి, అంటే బళ్ల ఖర్చుకి వేసే ఆస్తి పన్నుకి, ఈ 60 గొడవ 2007లో తీసేశారు. తీసేయడానికి 60 రాలేదు లెండి, 50 దాటితే చాలన్నారు, అదీ బొటాబొటిగా దాటింది.)

మరి ఇదే రాష్ట్రంలో అణు విద్యుత్ ప్లాంట్లకో? ఆ అప్పు ఆస్తి పన్నుతో కాకుండా కరెంటు బిల్లులతో తీరుస్తామన్నారు కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. అలా మొదలైన అయిదు ప్లాంట్లలో పూర్తయింది ఒక్కటే. నాలుగు, అయిదు నంబర్ల ప్లాంట్ల మీద తెచ్చిన 225 కోట్ల డాలర్ల బాండ్లకి 1983లో చేతులెత్తేశారు. కట్టిన సంస్థ పొడి అక్షరాల్ని (WPPSS) జనం 'వూప్స్' అని పలికేవాళ్లు, అంతకంటే సరైన పేరు నేనైతే పెట్టలేను. అంటే మురుగు పైపుకి 60, 40 రెండూ కావాలి, అణు రియాక్టర్‌కి మాత్రం అప్పట్లో ఒక్క ఓటూ అక్కర్లేకపోయింది.

ఇంతకీ నేను గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాను. ఇంటి పన్ను టైముకి కడతాను, ఓటు లేదు. ఎన్నిక రోజు నేనూ పడుకునే ఉంటాను గానీ, నా నిద్రని ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదు.