భోజనానికి వెళ్లేటప్పుడు చేతిలో ఏముండాలి?

చిన్నపిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆ మాట మనం మరిచిపోలేదు. భోజనానికి పిలిస్తే దారిలో బండి ఆపి ఏదో ఒకటి కొనుక్కునే వెళ్తాం. అయితే ఆ కొన్నది పిలిచినవాళ్లకు పనికొస్తుందా అని మాత్రం ఆలోచించడం లేదు. నేను నమ్మేది ఇది: ఆ పూట వంటింట్లో నిలబడిన మనిషికి పని తగ్గించేదే మంచి బహుమతి. తగ్గించలేకపోయినా, కనీసం పెంచకూడదు.

నెల్లూరులో ఎవరైనా చేపల పులుసుకు రమ్మన్నారంటే ఆ పిలుపు వెనక ఎంత పని ఉందో చూడండి. మంచి చేప కోసం పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లాలి. ఉప్పూ పసుపూ వేసి రుద్ది, నీసు పోయేదాకా కడగాలి. చింతపండు పులుసు తీసి, మామిడికాయ ముక్కలు వేసి, సన్నని సెగ మీద ఉంచాలి. మర్నాటికి ముక్కకు పులుసు బాగా పడుతుందని చాలా ఇళ్లల్లో ముందు రోజు రాత్రే వండి పెడతారు. అంటే మనం గడప తొక్కే సమయానికి ఆ ఇల్లాలు రెండు రోజులుగా మన కోసం పనిచేస్తోందన్నమాట. అంతా సిద్ధమై విస్తరి ముందు కూర్చున్నాక, "ఈరోజు శనివారం కదమ్మా, నేను నీసు తినను" అంటే ఆమెకు ఎలా ఉంటుంది? అప్పటికప్పుడు పప్పుకో, బంగాళాదుంప వేపుడుకో మళ్లీ పొయ్యి వెలిగించాలి. ఆ టెన్షన్‌కు ఏ స్వీటు బాక్సూ సాటి రాదు.

అందుకే నా లెక్కలో మొదటి బహుమతి ముందు రోజు చేసే ఫోను. ఎంతమంది వస్తున్నాం, ఎన్నింటికి వస్తాం, ఎవరు ఏం తినరు, ఎవరైనా అయ్యప్ప మాలలో ఉన్నారా, ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఎనిమిదికి వస్తామని పదింటికి చేరితే, అందరికీ వడ్డించి చివర్న తినే ఆడమనిషి పదకొండు దాటాక చల్లారిన అన్నం ముందు కూర్చుంటుంది. ఇది మన ఇళ్లల్లో అందరికీ కనబడేదే, ఎవరూ మాట్లాడనిదీ.

ఇక చేతిలో ఉండేదాని సంగతి. మలై కాజా నెల్లూరుకు పేరు తెచ్చిన మిఠాయి, ఒంగోలు మైసూరుపాకూ అంతే. తినేవాళ్లున్న ఇంటికి అవి తీసుకెళ్లడం చక్కని పని. కానీ దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్‌తో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉండి, ఇద్దరూ మాత్రలు మింగుతుంటే మన కిలో బాక్సు ఎవరి కోసం? అది విప్పకుండానే పక్కింటికో, ఇంకొకరి గృహప్రవేశానికో వెళ్లిపోతుంది. ఇచ్చినవాళ్ల డబ్బు పోయింది, పుచ్చుకున్నవాళ్లకు దక్కిందేమీ లేదు.

పని పెంచే బహుమతులు కొన్ని ఉంటాయి. రొయ్యల చెరువులున్నవాళ్లు ప్రేమగా రెండు కిలోల పచ్చి రొయ్యలు పట్టుకొస్తారు. మనసు మంచిదే. కానీ వంటంతా అయిపోయిన వేళ అవి వలిచి, నరం తీసి, ఫ్రిజ్‌లో సర్దేది ఎవరు? వలిపించి, కడిగించి, డబ్బాలో తెస్తే అదే కానుక పదింతలవుతుంది. ముందే చెప్పి తెస్తే ఆ పూటకే వేపుడైపోతుంది. పూలదీ అంతే. ప్లాస్టిక్ కాగితం చుట్టిన బొకే పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. కట్టిన మల్లెపూలు నాలుగు మూరలు తెస్తే ఇంట్లో ఆడవాళ్లు అక్కడే తలలో పెట్టుకుంటారు.

మన పల్లెల్లో ఈ తెలివి ఎప్పుడో ఉంది. పెన్నా కింద వరి పండించేవాళ్లు కొత్త బియ్యం తెచ్చేవాళ్లు. ప్రకాశం మెట్ట ప్రాంతం చుట్టాలొస్తే సంచిలో కందులో, ఇసుర్రాయిలో విసిరిన కందిపప్పో ఉండేది. పొదలకూరు వైపు నుంచి వచ్చేవాళ్లు నిమ్మకాయలు తెస్తే ఆ ఇంట్లో ఊరగాయ పడేది. ఏదీ వృథా అయ్యేది కాదు. ఇప్పుడు అందరికీ పొలాలు లేవు, అద్దె ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేసుకునేవాళ్లు కందులెక్కడ తెస్తారు? అక్కర్లేదు. ఉదయగిరిలో చెక్కతో చేసే గరిటెలు, చెంచాలు ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం మన నెల్లూరు జిల్లాదే, వంటింట్లో రోజూ చేతికి తగులుతుంది కూడా. చదువుకునే పిల్లలుంటే రంగు పెన్సిళ్లు, పెద్దాయనకు చదివే అలవాటుంటే ఒక పుస్తకం. ఆ ఇంటిని తలుచుకుని కొన్నదని తెలిస్తే చాలు.

ఖరీదు గురించి గట్టిగానే చెప్పాలి. పెళ్లిలో చదివింపులు నోటుపుస్తకంలో రాసుకుంటాం, వాళ్లింట్లో శుభకార్యం వస్తే అంతకు తగ్గకుండా తిరిగి పెడతాం. ఆ లెక్కను భోజనాల బల్ల దగ్గరికి తేవడం పెద్ద పొరపాటు. మూడు వేల రూపాయల డ్రైఫ్రూట్స్ బుట్ట చూసిన ఇల్లు, రేపు మన ఇంటికి రావాలంటే జంకుతుంది. నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ ఇందుకు పూర్తిగా వేరు. కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఏదైనా పిండితో చేసిందే. దాని ఖరీదు ఎవరూ అడగరు, ఇచ్చేవాళ్ల మతమూ అడగరు. ఇంత మంచి ఆచారం మన ఊళ్లోనే ఉండగా బుట్టల సైజుతో పోటీ పడడం నాకు బాధగా ఉంటుంది.

పిలిచినవాళ్లకూ ఒక మాట. "ఎందుకబ్బా ఇయ్యన్నీ, మేమేమన్నా పరాయోళ్లమా?" అనడం మన మర్యాదే. అలా అన్నాక దాన్ని మూల పడేయకుండా, తినేదైతే విప్పి అందరికీ పెడితే తెచ్చినవాళ్లకు తృప్తి.

వెళ్లేటప్పుడు మిగిలిన పులుసు డబ్బాలో పోసి ఇవ్వని ఇల్లు మా వైపు అరుదు. ఆ డబ్బా నెలల తరబడి మన అటక మీద ఉండిపోకూడదు. వారంలోగా, చక్కెరో, నాలుగు నిమ్మకాయలో వేసి తిరిగివ్వాలి. మర్నాడు ఫోన్ చేసేటప్పుడు ఇంటాయనతో "వదినకు చెప్పన్నా, భోజనం బాగుంది" అని పెట్టేయకుండా, ఫోను ఆమెకే ఇమ్మని అడిగి, పులుసు బాగుందో, గోంగూర పచ్చడి బాగుందో ఆమెతోనే చెప్పాలి.