రాష్ట్రాల హక్కులంటే ఏ హక్కులండీ?

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసమే జరిగిందని మీ వ్యాసంలో రాశారు, మరి 1850 నాటి పరారీ బానిసల చట్టం సంగతేంటి? ఉత్తరాది రాష్ట్రాలు వద్దు మొర్రో అంటున్నా, పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టి యజమానులకు అప్పగించాల్సిందేనని ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం చేత చట్టం చేయించింది బానిసత్వం ఉన్న దక్షిణాది వాళ్లే కదా. జ్యూరీ లేదు, పట్టుబడ్డ మనిషికి సాక్ష్యం చెప్పుకునే హక్కూ లేదు. కేసు తేల్చే ఫెడరల్ అధికారి అయిన కమిషనర్‌కి ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు (లంచం కాదట, అప్పగిస్తే కాగితాల పని ఎక్కువట!). 1854లో పారిపోయి వచ్చిన ఆంథొనీ బర్న్స్ అనే ఒక్క బానిసను ఉత్తరాదిలోని బోస్టన్ నుంచి దక్షిణాదిలోని వర్జీనియాకు తిప్పి పంపడానికి వీధుల్లోకి సైన్యాన్ని దింపారు, అప్పటిదాకా మనకెందుకులే అని ఊరుకున్న వ్యాపారులు కొందరు ఆ దెబ్బతో బానిసత్వానికి ఎదురు తిరిగారు. 1860లో దక్షిణాది రాష్ట్రమైన సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోతూ ఇచ్చిన ప్రకటన ఒకసారి చదవండి, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని అప్పగించడం లేదన్నది అందులో ముఖ్యమైన ఫిర్యాదు.